టీచరమ్మను అడగండి: పాపకు ‘ద్రౌపది’ అని పెట్టొచ్చా?

ప్రశ్న: టీచర్ గారూ, మాది కాకినాడ. మావారిది చిత్తూరు దగ్గర పల్లె. మాకు ఈమధ్యే పాప పుట్టింది. మావారి నాయనమ్మ పేరు ద్రౌపదమ్మ. పాపకు ‘ద్రౌపది’ అనే పెట్టాలని ఆయన పట్టు. మా అమ్మేమో ‘అన్నీ కష్టాలే పడిన మనిషి, పైగా అయిదుగురు మొగుళ్లు, బళ్లో పిల్లలు ఏడిపిస్తారు’ అంటోంది. ఆ పేరుకు అర్థం ఏమిటి? ఇప్పుడెవరైనా పెట్టుకుంటున్నారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అర్థం చిన్నదేనమ్మా. ద్రుపదుడి కూతురు కాబట్టి ద్రౌపది. జనకుడి కూతురు జానకి అయినట్టే. పాంచాల రాజ్యం ఆడపడుచు కాబట్టి పాంచాలి. తండ్రికి యజ్ఞసేనుడనే పేరు కూడా ఉంది గనక యాజ్ఞసేని. ఇవన్నీ పుట్టింటిని బట్టి వచ్చినవి. యజ్ఞవేదిలోంచి పుట్టినప్పుడు నల్లగా ఉందని ఆమెకు పెట్టిన సొంత పేరు కృష్ణ.

ఇక మీ అమ్మగారి మాట. కష్టాలే లెక్కయితే సీత పేరు మన దగ్గర ఎవరూ పెట్టుకోకూడదు. అసలు అడ్డం ఆ అయిదుగురే. ఆ సంగతి పైకి అనుకుంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. పెద్దవాళ్లు పొద్దున లేవగానే తలుచుకునే పంచకన్యల శ్లోకంలో అహల్య వెంటనే వచ్చేది ద్రౌపదే. తలుచుకుంటే పాపాలు పోయే పేరు బిడ్డకు పెడితే దోషం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

మీవారి పట్టు ఎక్కడిదో నాకు తెలుసు. నేను ఉద్యోగం చేసింది ఆ జిల్లాలోనే. అక్కడ ద్రౌపది కథలో మనిషి కాదు, గుడిలో అమ్మవారు. ఆ గుడినే ధర్మరాజుల గుడి అంటారు. దాని తిరునాళ్లకు రోజుల తరబడి భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుతూ ఎత్తయిన మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి, పైనుంచి అతను విసిరే ప్రసాదం కోసం కాచుకుంటారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ తొడ విరగ్గొట్టాక ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. సాయంత్రం జనం నిప్పుల గుండం తొక్కుతారు. అలాంటి ఊళ్లో ద్రౌపదమ్మ అని పిలిస్తే ఎవరికీ నవ్వు రాదు. నా హాజరు పట్టీలో ధర్మరాజులు, అర్జునులు, ద్రౌపదులు మామూలే. కాకినాడలో పెరిగిన మీ అమ్మగారికి ఇదంతా కొత్త. ఈసారి తిరునాళ్లకు ఆవిడను తీసుకెళ్లండి.

ఎవరైనా పెట్టుకుంటున్నారా అంటే, తక్కువే. రెండక్షరాల పేర్ల కాలం ఇది. ఆద్యలు, ఆర్యలే ఎక్కువ. అయితే 2022 జులైలో ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయ్యాక ఆ పేరు రోజూ వార్తల్లో వినిపిస్తోంది. ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు వేరే ఉందని, ద్రౌపది అన్నది బళ్లో టీచరు పెట్టారని ఆవిడే చెప్పారు. టీచరు పెట్టిన పేరంటే నాకు కాస్త పక్షపాతమే లెండి!

బళ్లో ఏడిపించరని మాత్రం చెప్పలేను. భారతం పాఠం వచ్చిన రోజు ఎవడో ఒకడు అంటాడు. పిల్లకు ముందే కథంతా చెప్పి ఉంచండి, సమాధానం తనే చెప్పుకుంటుంది. నన్నడిగితే ద్రౌపది అనే పెట్టండి. మీ అమ్మగారు కృష్ణ అని పిలుచుకుంటారు. అదీ ద్రౌపది పేరే, కృష్ణవేణి ఉన్న నేల మీద ఆడపిల్లకు అది వింతేమీ కాదు.

బారసాల నాటికి తేలకపోయినా టెన్షన్ వద్దు. జననం 21 రోజుల్లో నమోదు చేయిస్తే చాలు, పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం ముందే తేల్చుకోండి. రాష్ట్రపతి గారు ‘డి’, ‘ఆర్’ తర్వాత ‘ఓ’, ‘యు’ రాస్తారు, చాలామంది ‘ఏ’, ‘యు’ రాస్తారు. ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి పడితే పాస్‌పోర్టు నాడు మీరే తిరగాలి.