సింగపూర్‌లో చదువు: గది ఎవరింట్లో తీసుకోవాలి?

సింగపూర్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, నలుగురు తెలుగువాళ్ళం కలిసి ఫ్లాట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. కానీ నన్నడిగితే మొదటి ఏడాదైనా అలా ఉండకండి. హెచ్‌డీబీ (ప్రభుత్వ హౌసింగ్ బోర్డు) ఫ్లాట్‌లో, యజమాని కుటుంబం కూడా ఉండే ఇంట్లో ఒక గది తీసుకోండి. నేను అలాగే ఉన్నాను. ఆ దేశం గురించి నాకు తెలిసిందంతా ఆ బ్లాకులోనే తెలిసింది.

అక్కడి స్థానికుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఈ ప్రభుత్వ ఫ్లాట్లలోనే ఉంటారు. ఒక్కో బ్లాకులో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఫలానా శాతం మించకూడదని 1989లో నియమం పెట్టారు. అందుకే పక్కపక్క గుమ్మాల్లో మూడు మతాల గుర్తులు కనిపిస్తాయి.

మా ఇంటి ఓనరు చైనీస్ ఆంటీ. అక్కడ పెద్దవాళ్ళెవరినైనా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. మొదటి సెమిస్టర్ పరీక్షల ముందు మా బ్లాకు కింద, వాయిడ్ డెక్ అని గోడలు లేకుండా ఖాళీగా వదిలే చోట, తెరలు కట్టి శవపేటిక పెట్టారు. రోజూ పొద్దున్నే అక్కడి బల్ల దగ్గర పేపరు చదువుకునే పెద్దాయన పోయాడు. ఐదు రోజులు ఉంచారు. రాత్రి పొద్దుపోయేదాకా మంత్రాలు, తాళాలు. పుస్తకం ముందు కూర్చుంటే ఒక్క ముక్క బుర్రకెక్కదు, ఒకటే టెన్షన్. రెండో రాత్రి ఆంటీ నా తలుపు కొట్టి, "కిందికి రా, నువ్వూ రోజూ చూసిన మనిషే కదా" అంది.

కింద గుండ్రటి బల్లల మీద వేరుశెనక్కాయలు, ప్యాకెట్ డ్రింకులు. పోయినాయనకి డబ్బుగా చేరాలని కాల్చే కాగితాలని ఆడవాళ్ళు మడుస్తున్నారు. మా ఎదురింటి మలయ్ అంకుల్ అగరొత్తులు పట్టుకోలేదు, ఊరికే కాసేపు నిలబడి, వెళ్ళి పెద్దకొడుకు పక్కన కూర్చున్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు. నేను దణ్ణం పెట్టాను. ఆంటీ నాకూ కాగితాలు మడవడం నేర్పింది. లేచేటప్పుడు బల్ల మీద ఉన్న ఎర్రదారం ఇచ్చి, వేలికి చుట్టుకో, గుమ్మం దాటేలోపు పారేయమంది. చావింటి నుంచి వస్తే మేం స్నానం చేశాకే లోపలికి వెళ్తామని చెప్పాను. తను పంపరపనస ఆకులు వేసిన నీళ్ళ బకెట్ చూపించి, "మాదీ అంతే" అంది.

ఆ తర్వాత లిఫ్టులో పలకరింపులు మొదలయ్యాయి. హరి రాయ (అక్కడ ఈద్‌ని అలా అంటారు) పండక్కి ఎదురింటి నుంచి డబ్బా నిండా పిండివంటలు వచ్చాయి. మనవాళ్ళతోనే కాండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో ఉన్న నా క్లాస్‌మేట్లకి చదువు అయిపోయేదాకా పక్కింట్లో ఎవరున్నారో తెలియదు.

గది వెతకడం మాత్రం ఒళ్ళు మండే పని. ఇండియన్స్‌కి గది ఇవ్వబోమని ప్రకటనలోనే రాసేవాళ్ళున్నారు. ఫోన్‌లో బాగానే మాట్లాడి, పేరు వినగానే గది అయిపోయిందన్నవాళ్ళూ ఉన్నారు. ఇన్ని జాతులు కలిసి బతికే ఊళ్ళో ఇది సిగ్గుచేటు. మన కన్సల్టెన్సీలు ర్యాంకుల గురించి గంటలు గంటలు చెప్తాయి గానీ దీని గురించి ఒక్క మాట చెప్పవు. అయినా వెతకడం ఆపకండి, ఇచ్చేవాళ్ళు దొరుకుతారు.

హెచ్‌డీబీ గదికి ఒప్పందం కనీసం ఆరు నెలలుండాలి. నెల రోజులకి ఇస్తామంటే నమ్మకండి. వంట సంగతి అడ్వాన్స్ కట్టకముందే తేల్చుకోండి. "లైట్ కుకింగ్" అంటే నూడుల్స్, కోడిగుడ్డు వరకే. ఎండుమిరపకాయల పోపు పెడితే ఇల్లంతా దగ్గుతుంది, కాబట్టి "నూనెలో మిరపకాయ వేయించుకోవచ్చా" అని సూటిగా అడగండి. ఒక స్వెట్టర్ కూడా తెచ్చుకోండి, భూమధ్యరేఖ పక్కనే ఉన్నా లైబ్రరీ ఏసీలో వణుకు పుడుతుంది.

ఇక ఖర్చంటారా, ఒక్కరే గది తీసుకుంటే కాస్త ఎక్కువే. హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోట్ల తింటే అందులో కొంత కలిసొస్తుంది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీల స్టూడెంట్ పాస్ మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 16 గంటల దాకా పని చేయనిస్తారు. ఆ డబ్బుని నమ్ముకుని మాత్రం అద్దె లెక్క వేసుకోకండి.