ఆ పొడి వాడితే మాటలొస్తాయా?

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు. నిరుడు ఆటిజం అన్నారు. పెరుగన్నం, ఇడ్లీ, పాలు, ఒకే రకం బిస్కెట్లు తప్ప ఇంకేం ముట్టడు. నాలుగైదు రోజులకోసారి మోషన్‌కి వెళ్తాడు. ముందు రోజంతా చెయ్యి కొరుక్కుంటాడు. పాలు, పెరుగు, గోధుమ మానిపించి, పేగులు శుభ్రం చేసే పొడి మూడు నెలలు వాడితే మాటలొస్తాయని మా ఆడపడుచు విని వచ్చింది. రూ.40 వేలట. వాడమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ డబ్బు దాచుకోండమ్మా, స్పీచ్ థెరపీకి పనికొస్తుంది.

మీరు రాసిన 'ముందు రోజంతా' అన్న మాట నాకు ముఖ్యంగా తోచింది. మాటలు రాని పిల్లాడు కడుపునొప్పిని ఇంకెలా చెబుతాడు? నా దగ్గరికొచ్చే ఒక పాప అస్తమానం బల్ల అంచుకి పొట్ట ఆనించి వాలేది. ఆటిజం అలవాటే అనుకున్నారు ఇంట్లో. నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. పొట్ట నొక్కి చూస్తే ఎడమవైపు కింద గట్టిపడ్డ మలం ఉండలు ఉండలుగా తగిలింది. మోషన్ సాఫీ అయ్యాక ఆ పాప బల్ల జోలికి పోలేదు. ఆటిజం అలాగే ఉంది, కానీ ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు నిద్ర పట్టింది.

ఆటిజం పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువే. పేగుల్లోని సూక్ష్మజీవుల వల్లే ఆటిజం వస్తుందని మాత్రం తేలలేదు. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిపి 247 మంది పిల్లల మలం పరీక్షించారు. ఆటిజం వల్ల తిండి రకాలు తగ్గుతాయి, తిండిని బట్టి సూక్ష్మజీవుల రకాలూ తగ్గుతాయి అని వాళ్ల అంచనా. మీ బాబు కంచం చూస్తే అదే కదా కనిపిస్తోంది! పొడి అమ్మేవాళ్లు అమెరికాలో 18 మంది పిల్లల పేగుల్లోకి ఆరోగ్యవంతుల సూక్ష్మజీవులు ఎక్కించిన ప్రయోగం చూపిస్తారు. మెరుగైన మాట నిజమే. అయితే ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలతో పోల్చి చూడలేదు. పైగా అందులో వాడింది ఈ పొడి కాదు.

తినేవే నాలుగైతే అందులో పెరుగు కూడా లాగేసుకుంటారా? వద్దు. పాలు రోజుకి అర లీటరు దాటుతుంటే తగ్గించండి. పిల్లల డాక్టరు పొట్ట చూసి, నీళ్లలో కలిపే విరేచనం మందు రాయొచ్చు. దాన్ని నెలల తరబడి వాడాల్సి రావచ్చు. రెండ్రోజులు బాగా అయిందని మీ అంతట మీరు ఆపేయకండి, చాలామంది చేసే తప్పు అదే. రాత్రి భోజనమయ్యాక కాళ్ల కింద పీట వేసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. ఇడ్లీ పిండిలో చిటికెడు క్యారెట్ తురుము కలిపి చూడండి. రంగు గమనించి తోసేస్తే వారం ఆగి మళ్లీ. మలంలో రక్తం, వాంతులు, పొట్ట ఉబ్బరం, బరువు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకెళ్లండి.

ఇంకొకటి. వంటింటి క్యాలెండరులో మోషన్ అయిన రోజు గీత, చెయ్యి కొరుక్కున్న రోజు చుక్క పెట్టండి. నెల తర్వాత ఆ కాగితం చించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.