ఇండీ పాప్‌లో కొత్తవాళ్ళనీ, మరుగున పడ్డ పాతవాళ్ళనీ ఎలా వెతుక్కోవాలి?

మీకు ఇండీ పాప్ (పెద్ద కంపెనీలతో సంబంధం లేకుండా చిన్న బ్యాండ్లు చేసే పాప్ సంగీతం) బ్యాండ్లు ద బెత్స్, ఆల్వేస్ నచ్చాయి, కానీ యాప్ అవే పాటలు తిప్పి తిప్పి వినిపిస్తోంది అన్నారు. కొత్తవాళ్ళు ఎక్కడ దొరుకుతారు, ఇలాంటి సంగీతమే చేసి తర్వాత ఎవరికీ గుర్తులేకుండా పోయిన పాత బ్యాండ్లని ఎలా పట్టుకోవాలి అని అడిగారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకే పని. పాట నచ్చగానే అలాంటిదే ఇంకో పాట కోసం వెతకడం ఆపి, దాని వెనక ఉన్న పేర్లు చూడటం మొదలుపెట్టాక నాకు దారి తెరుచుకుంది. ఏ లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) విడుదల చేసింది, ఎవరు రికార్డ్ చేశారు, డ్రమ్స్ వాయించినాయన అంతకుముందు ఎవరితో ఉండేవాడు, ఆ ఊళ్ళో ఆ రోజుల్లో ఇంకెవరు వాయించేవారు. పెళ్ళిలో "మీదే ఊరండీ" అని మొదలైన మాట చివరికి చుట్టరికం దగ్గర తేలినట్టు, ఇక్కడా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి కావలసినవాళ్ళే.

నాకు ఈ అలవాటు నిర్వాణా అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వల్ల వచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్లో అందరి కంప్యూటర్లలోనూ వాళ్ళ అన్‌ప్లగ్డ్ కచేరీ ఉండేది. అందులో ఒక పాట ద వ్యాసలీన్స్ అనే స్కాట్లండ్ బ్యాండ్‌ది అని తెలిసింది. ఎవరు వీళ్ళు అని చూస్తే, యూజీన్ కెల్లీ, ఫ్రాన్సిస్ మెకీ అనే ఇద్దరు 1986లో మొదలుపెట్టి, ఒకే ఒక ఆల్బమ్ చేసి, 1989లో విడిపోయారు. నిర్వాణా వీళ్ళవి ఇంకో రెండు పాటలు కూడా రికార్డ్ చేసింది. వ్యాసలీన్స్ మొదటి రికార్డులు వచ్చింది ఫిఫ్టీ థర్డ్ అండ్ థర్డ్ అనే చిన్న లేబుల్ మీద. దాన్ని నడిపినవాళ్ళలో ద పాస్టెల్స్ అనే బ్యాండ్ గాయకుడు స్టీఫెన్ పాస్టెల్ ఒకడు. అదే లేబుల్ మీద ఆక్స్‌ఫర్డ్ నుంచి తలూలా గాష్ అనే బ్యాండ్ కూడా ఉంది. అందులో పాడిన అమీలియా ఫ్లెచర్ పేరు అక్కడే మొదటిసారి చూశాను. ఆ ఒక్క పేరు పట్టుకుని నేను వెళ్ళినంత దూరం ఏ యాప్ సలహా పట్టుకునీ వెళ్ళలేదు.

తలూలా గాష్ ఆగిపోయాక అమీలియా, ఇంకొందరు కలిసి హెవెన్లీ అనే బ్యాండ్ మొదలుపెట్టారు. దాని రికార్డులు వేసింది బ్రిస్టల్‌లోని సారా రికార్డ్స్. క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అనే ఇద్దరు 1987లో పెట్టిన లేబుల్ ఇది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బ్యాండ్లు ఎందుకు మరుగున పడతాయో నాకు ఇక్కడే అర్థమైంది. వీళ్ళు ఎక్కువగా 7 అంగుళాల సింగిల్స్ (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డులు) వేసేవారు. సింగిల్‌గా ఒకసారి అమ్మిన పాటని ఆల్బమ్‌లో పెట్టి అభిమానుల చేత మళ్ళీ కొనిపించడం అన్యాయం అని వాళ్ళ నమ్మకం. ప్రతి విడుదలకీ ఒక నంబరు. నాలుగో నంబరు రికార్డే కాదు, ఒక చిన్న పత్రిక. యాభయ్యో నంబరు సారోపొలీ అనే బోర్డ్ గేమ్. 1995లో నూరో నంబరుకి చేరగానే, ఇక చాలు అని పత్రికల్లో ప్రకటన ఇచ్చి లేబుల్ మూసేశారు. ఎంత గొప్ప పట్టుదల! కానీ ఫలితం ఏమైంది? చిన్న సంఖ్యలో అచ్చయిన సింగిల్స్ మీద మాత్రమే ఉన్న పాటలు చాలాకాలం కొత్త శ్రోతకి అందకుండా పోయాయి. ద ఫీల్డ్ మైస్, ది ఆర్కిడ్స్ లాంటివాళ్ళు బాగా చేయక మరుగున పడలేదు. రికార్డులు మళ్ళీ అచ్చు కాలేదు, అంతే. పాత బ్యాండ్‌ని ఎవరైనా "కాలపరీక్షలో నిలవలేదు" అంటే నేను ఒప్పుకోను. ముందు ఆ రికార్డు దుకాణాల్లో ఎన్నాళ్ళు దొరికిందో చూడాలి.

హెవెన్లీ కథ మాత్రం బాధగా ఆగింది. డ్రమ్మర్ మాథ్యూ ఫ్లెచర్, అమీలియా తమ్ముడు, 1996లో చనిపోయాడు. బ్యాండ్ ఆ పేరు అక్కడితో వదిలేసింది. అమీలియా అర్థశాస్త్రవేత్తగా పెద్ద ఉద్యోగాలు చేస్తూనే కొత్త కొత్త పేర్లతో పాడుతూ వచ్చింది. తర్వాత ఆమె, హెవెన్లీలో బేస్ గిటార్ వాయించిన రాబ్ పర్సీ కలిసి స్కెప్ వ్యాక్స్ అనే లేబుల్ పెట్టారు. హెవెన్లీ ఆల్బమ్స్ మళ్ళీ అచ్చు వేశారు, 2023లో హెవెన్లీ మళ్ళీ వేదిక ఎక్కింది. ఇదే లేబుల్ 2022లో అండర్ ద బ్రిడ్జ్ అనే సంకలనం తెచ్చింది. ఒకప్పుడు సారా రికార్డ్స్‌లో ఉన్నవాళ్ళు ఇప్పటి తమ బ్యాండ్లతో చేసిన కొత్త పాటలు అవి. మీరు అడిగిన కొత్త, పాత రెండూ ఒకే రికార్డులో కావాలంటే ఇంతకంటే మంచిది నాకు తెలీదు.

ఇక మీ ఆల్వేస్ దగ్గరికి వద్దాం. వాళ్ళు జిమ్ రీడ్ పేరు మీద ఒక పాట చేశారు. జిమ్ రీడ్ అంటే ద జీసస్ అండ్ మేరీ చైన్ అనే స్కాట్లండ్ బ్యాండ్ గాయకుడు. ఆ బ్యాండ్‌లో తొలిరోజుల్లో డ్రమ్స్ వాయించినది బాబీ గిలెస్పీ. అతని సొంత బ్యాండ్ ప్రైమల్ స్క్రీమ్. 1986లో ఎన్‌ఎంఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక సీ86 అని 22 పాటల క్యాసెట్ ఒకటి తెచ్చింది, అందులో మొదటి పాట ప్రైమల్ స్క్రీమ్‌ది. నిమిషంన్నర కూడా ఉండదు, కానీ గలగలలాడే ఆ గిటార్ వినగానే ఆల్వేస్ ఎవరి మనవలో తెలిసిపోతుంది. ఆ క్యాసెట్‌లో మిగతా బ్యాండ్లన్నీ ఒక్కొక్కటిగా వినండి. అన్నీ నచ్చవు, కొన్ని ఇండీ పాప్ కూడా కాదు, గరగరలాడే గోల. ఫరవాలేదు. 2014లో చెర్రీ రెడ్ సంస్థ ఆ 22 పాటలకి ఆ కాలపు మరికొన్ని పాటలు జోడించి 3 సీడీల పెట్టెగా మళ్ళీ తెచ్చింది, ఆ జోడించినవాటిలోనే నాకు ఎక్కువ మంచివి దొరికాయి.

ద బెత్స్ ఆక్లండ్ వాళ్ళు. వాళ్ళని ఇష్టపడేవాళ్ళు న్యూజిలాండ్‌లోనే వెనక్కి వెళ్ళాలని నా కోరిక. అక్కడ ఫ్లయింగ్ నన్ అనే లేబుల్‌ని రోజర్ షెపర్డ్ 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో మొదలుపెట్టాడు. దక్షిణాన డునెడిన్ అనే చిన్న ఊళ్ళో ఒక్కసారిగా బోలెడు బ్యాండ్లు: ద క్లీన్, ద చిల్స్, ద వెర్లైన్స్, స్నీకీ ఫీలింగ్స్. పెద్ద స్టూడియోలు లేవు, డబ్బు లేదు. 1982లో నాలుగు బ్యాండ్లు కలిసి చేసిన డునెడిన్ డబుల్ అనే రికార్డుని క్రిస్ నాక్స్ తన ఫోర్ ట్రాక్ రికార్డర్ (నాలుగు ట్రాకులే ఉండే చిన్న యంత్రం) మీద చేశాడు. ఆ నాలుగింటిలో ఒకటైన ద చిల్స్ నాకు ప్రాణం. వాళ్ళ డ్రమ్మర్ మార్టిన్ బుల్ 1983లో లుకేమియాతో చనిపోతూ తన తోలు జాకెట్ గాయకుడు మార్టిన్ ఫిలిప్స్‌కి ఇచ్చాడు. ఆ జాకెట్ మీద ఫిలిప్స్ 1986లో చేసిన పాట విన్నవాళ్ళు, అది సంతాపగీతం అని మొదట అనుకోరు, అంత హుషారుగా పరుగెడుతుంది. తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు అనారోగ్యంతో, సభ్యులు మారుతూనే ఉన్న బ్యాండ్‌తో లాక్కొచ్చి, 2015లో సిల్వర్ బులెట్స్ అనే మంచి ఆల్బమ్‌తో మళ్ళీ వచ్చాడు. 2024 జులైలో చనిపోయాడు. ఆయన బతికుండగా ఆ తిరిగి రావడం చూసినందుకు నాకు ఇప్పటికీ సంతోషం.

మన దేశంలోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. పారేఖ్ అండ్ సింగ్ అనే కోల్‌కతా జంట ఇంగ్లీషులో చాలా సున్నితమైన ఇండీ పాప్ చేస్తుంది. వాళ్ళలో డ్రమ్స్ వాయించే జీవ్‌రాజ్ సింగ్ తల్లిదండ్రులు జయశ్రీ సింగ్, జ్ఞాన్ సింగ్. వాళ్ళు గిటారిస్ట్ అమిత్ దత్తాతో కలిసి 90లలో స్కిన్నీ ఆలీ అనే బ్యాండ్ నడిపారు. కొడుకు పాట విని అమ్మ పాట దగ్గరికి వెళ్ళడం ఎంత బాగుంటుందో వెళ్ళి చూడండి. అదే ఊరి మొహీనేర్ ఘోరాగులి అనే బ్యాండ్ 70లలో బెంగాలీలో పాడి, పెద్దగా పట్టించుకునేవాళ్ళు లేక 1981లో ఆగిపోయింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన గౌతమ్ చటోపాధ్యాయ్ 1995లో కుర్ర గాయకుల్ని వెంటబెట్టుకుని ఆ పేరుతో మళ్ళీ సంకలనాలు తెచ్చాక గానీ ఆ బ్యాండ్ విలువ జనానికి తెలీలేదు. 2006లో గ్యాంగ్‌స్టర్ సినిమాలో మనమంతా విన్న భీగీ భీగీ పాటకి మూలం ఆ సంకలనాల్లోని పాటే.

రోజూ చేసే పని విషయానికొస్తే, నేను ఎక్కువగా వాడేవి రెండే సైట్లు. మొదటిది బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్. బ్యాండ్‌క్యాంప్‌లో ప్రతి ఆల్బమ్ పక్కన దాన్ని కొన్నవాళ్ళు కనిపిస్తారు. అంతగా ఎవరికీ తెలియని ఆల్బమ్ ఒకటి తీసుకుని, దాన్ని కొన్నవాళ్ళు ఇంకేం కొన్నారో చూడండి. మనిషి అభిరుచి వెంట వెళ్ళడం అంటే అదే. వీలైతే మీరూ కొనండి, ఈ బ్యాండ్లకి స్ట్రీమింగ్‌లో వచ్చేది చాలా తక్కువ. రెండోది డిస్కాగ్స్, రికార్డుల వివరాలు పోగుచేసే సైట్. ఒక పేరు నొక్కితే ఆ మనిషి వాయించిన రికార్డులు వరసగా వస్తాయి. సెలవు రోజు మధ్యాహ్నాలు నావి అక్కడే పోతాయి. బీబీసీలో జాన్ పీల్ తన రేడియో కార్యక్రమం కోసం బ్యాండ్ల చేత ప్రత్యేకంగా రికార్డ్ చేయించిన సెషన్స్ కూడా వెతకండి. ఆల్బమ్ దాకా రాని బ్యాండ్లు చాలా అక్కడ దొరుకుతాయి.

కొత్తవాళ్ళ కోసమైతే స్లంబర్లాండ్ లేబుల్ పేజీ ఫాలో అవ్వండి. 1989 నుంచీ అమెరికాలో మైక్ షుల్మన్ నడుపుతున్నాడు, ఇప్పటికీ కొత్త బ్యాండ్లని తెస్తూనే ఉన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన "ద రెడ్స్, పింక్స్ అండ్ పర్పుల్స్", "ది అంబ్రెల్లాస్", "చైమ్ స్కూల్" మూడూ వినాల్సినవే. మీకు ఆల్వేస్‌లోని ఆ గిటార్ గలగల ఎక్కువ ఇష్టమైతే ది అంబ్రెల్లాస్‌తో మొదలుపెట్టి అక్కడినుంచి సీ86కి వెళ్ళండి. బెత్స్‌లోని రాగాలు, మాటలు ఇష్టమైతే ద చిల్స్ 1990లో చేసిన సబ్‌మరీన్ బెల్స్ ముందు వినండి. ఏది నచ్చిందో ఇక్కడ చెప్తే, తర్వాత ఏ పేరు పట్టుకోవాలో రాస్తాను.