తెల్లారకముందే చెరువుకు వెళ్లు

చి. లహరికి,

చెరువుల విభాగంలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం తల్లీ. తొలి రిపోర్టు రాసేముందు నా పొరపాటు ఒకటి విను.

నగర శివారులో ఒక చెరువు. నీటిలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం రెండింటికి కొలిచాను. లీటరుకు 9 మిల్లీగ్రాములు. చేపలకు 4 ఉండాలన్నది ప్రమాణం. ‘బాగుంది’ అని సంతకం పెట్టేశాను. మూడోనాడు తెల్లారేసరికి గట్టు పొడుగునా బొచ్చెలు, రవ్వలు వెల్లకిలా తేలాయి. వల మడతపెడుతున్న ముసలాయన నా మొహం కూడా చూడకుండా, “పొద్దుగాల వచ్చి చూడాలె సారూ” అన్నాడు. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా తిరిగి అదే పీల్చేస్తుంది. తెల్లవారుజామున నీళ్లకు ఊపిరాడదు. చదువుకున్న సంగతే, ఏసీ కారు సౌకర్యం చూసుకుని మరిచాను. నువ్వు మాత్రం అంకె పక్కన గంట, లోతు, కాలం తప్పకుండా రాయి.

గుర్రపుడెక్క తీయించాలా అని అడుగుతారు. తీయిస్తే ఫొటోలు బాగా వస్తాయి! కానీ మురుగుతో నత్రజని, భాస్వరం దిగుతున్నంతకాలం అది మళ్లీ అల్లుకుంటుంది. ఏ నాలా నుంచి ఎంత వస్తోందో కొలిచి, ముందు దాన్ని మళ్లించమని రాయి. ఖర్చు చూసి చిరాకు పడతారు, పడనీ.

ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి హద్దు గీత, నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చెప్తుంది, ఎక్కడి నుంచి వస్తాయో చెప్పదు. అందుకే 1996లో జీవో 111 హైదరాబాద్ జలాశయాలైన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్లు కాపాడమంది. ఆ పరిధిలో నూనె ఫ్యాక్టరీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, హాని లేదని నిరూపించుకోవాల్సింది ఫ్యాక్టరీయేనని 1999లో తీర్పొచ్చింది. కాబట్టి నీకు సందేహమున్నచోట సందేహమనే రాయి, దాచకు. 2022లో తాగునీటికి ఆ జలాశయాల అవసరం తగ్గిందంటూ జీవో 111 ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ రెండు జలాశయాలూ 1908 మూసీ వరద తర్వాత కట్టినవి. వరద ఆపడమూ వాటి పనే. చెరువు చేసే పనులన్నీ ఫైల్లో ఉండాలనేది అందుకే.

నా పాత ఆక్సిజన్ మీటరు నీకే. సెన్సార్ పొర మార్పించుకో. ఆదివారం వచ్చి తీసుకెళ్లు, పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది.

నీ పెదనాన్న