టెక్ సందేహాలు: వాల్యూమ్ పెంచినా మాట అర్థం కావడం లేదా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల క్రితం కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాం. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే అర్థమవుతోంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లోనో, పెళ్లిళ్లలోనో ఒక్క ముక్క పట్టుకోలేకపోతున్నారు. రిమోట్‌తో వాల్యూమ్ పెంచితే చిరాకు పడుతున్నారు. సెట్టింగ్స్ మార్చాలా?
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ముందు వాల్యూమ్ పెంచడం ఆపండి. మాటతో పాటు రొద కూడా పెరుగుతుంది కాబట్టి ఆయన చిరాకు పడటం న్యాయమే.

ఇంప్లాంట్ మామూలు వినికిడి మిషన్‌లా శబ్దాన్ని పెద్దది చేయదు. మైకులో పడిన మాటను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి, లోపలి చెవిలోని ఎలక్ట్రోడ్ల ద్వారా నేరుగా వినికిడి నాడికి కరెంటు అందిస్తుంది. కంపెనీని బట్టి ఎలక్ట్రోడ్లు 12, 16 లేదా 22 ఉంటాయి. ఒక్కోదాని కరెంటుకు ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) కింద, పైన రెండు హద్దులు పెడతారు. దాన్నే మ్యాప్ అంటారు. కింది హద్దు మరీ తక్కువైతే మెల్లని హల్లులు జారిపోతాయి, ఎక్కువైతే ఎప్పుడూ ఏదో హోరు. పై హద్దు ఎక్కువైతే గట్టి శబ్దాలు బాధపెడతాయి, తక్కువైతే మాట పేలవంగా వినిపిస్తుంది. మొదటి ఏడాదిలో ఈ హద్దులు మారుతుంటాయి. పాత మ్యాప్‌తోనే నెట్టుకురావద్దు.

అపాయింట్‌మెంట్‌కు ముందు ఇంట్లో ఈ పరీక్ష చేయండి. నాన్నగారి వెనక మూడడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనండి. ప్రతిసారీ వరుస మార్చండి, విన్నది తిరిగి అనమనండి. ‘స్’ అసలు అందకపోయినా, ‘ఊ’ను ‘మ్’ అనుకున్నా కాగితం మీద రాసుకోండి. “సరిగ్గా వినపడట్లేదండీ” అనడం కన్నా ఆ కాగితం ఆడియాలజిస్టుకు చాలా ఎక్కువ చెబుతుంది.

రద్దీ చోట్లకు విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టమని అడగండి. ముందువైపు మాటను ఎక్కువగా పట్టి, పక్కల, వెనకల రొదను తగ్గించే డైరెక్షనల్ మైకు చాలా ప్రాసెసర్లలో (ఇంప్లాంట్‌కు బయట పెట్టుకునే భాగం) ఉంటుంది. సెన్సిటివిటీ, అంటే మైకు శబ్దాన్ని పట్టే శక్తి, కాస్త తగ్గిస్తే దూరపు శబ్దాలు కూడా తగ్గుతాయి. మైకు కవర్ కూడా చూడండి. మన తీరంలో చెమట, ఉక్కపోత ఎక్కువ కదా, అది మూసుకుపోతే ఏ సెట్టింగూ ఆదుకోదు. రాత్రి ప్రాసెసర్‌ను తేమ పీల్చే డ్రై బాక్సులో పెట్టండి.

ఎంత మంచి మ్యాప్ ఉన్నా రద్దీలో వినడం కష్టమే. మెదడు ఈ కొత్త శబ్దానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది. అందుకే మెలకువగా ఉన్నంతసేపూ ప్రాసెసర్ పెట్టుకోమనండి. పెళ్లిలో మాత్రం స్పీకర్లు ఆయన వెనక్కి, మాట్లాడేవాళ్లు ఎదురుగా ఉండేలా కుర్చీ వేయండి.