తమకశ్వాసలో తమకం ఎక్కడిది?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసానికి 'జీర్ణక్రియా ప్రొఫైలింగ్‌తో ఉబ్బసం నిర్థారణ' అని శీర్షిక పెట్టారు. ఊపిరితిత్తుల జబ్బుకు జీర్ణక్రియతో పనేమిటి? లోపల ఉబ్బసం, ఆస్తమా, ఆయాసం, తమకశ్వాస అని నాలుగు మాటలు వాడారు. నాలుగూ ఒకటేనా?

సమాధానం: అక్కడ ఉండాల్సింది జీవక్రియ. తిన్నది అరగడం జీర్ణక్రియ. ఒంట్లో ప్రతి కణంలోనూ పదార్థాలు విరిగి, కొత్తవి తయారవుతూ ఉండడం జీవక్రియ. వినడానికి దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తే, ఉబ్బసం కడుపులోంచి వస్తుందని జనం అనుకోరూ? 'నిర్థారణ' కూడా తప్పే. ధారణలో ఉన్నది ధ.

ఇక తమకశ్వాస. ఉబ్బసం లాంటి జబ్బుకు ఆయుర్వేదం పెట్టిన పేరు ఇది. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు చరకుడు శ్వాసరోగాలు ఐదన్నాడు: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర. తమకశ్వాస ఉన్నవాడికి పడుకుంటే నిద్ర రాదు, కూర్చుంటే కాస్త సుఖం. మబ్బు పట్టినా, వాన పడినా, తూర్పుగాలి తిరిగినా బాధ పెరుగుతుందన్నాడు. ముసురు రాత్రి దిండ్లు ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయే మనిషిని చూసినవాళ్లకు ఆ వర్ణన ఎంత నిజమో తెలుసు. తమక అనే మాటకు మూలం సంస్కృతంలోని తమ్ ధాతువు. ఊపిరాడకపోవడం, సొమ్మసిల్లడం దాని అర్థాలు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం మాత్రం కాంక్ష అనే అర్థం చెప్పింది. మన తమకం గుర్తుకు రావడం లేదూ? అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో తమకం అంటే మోహం, ఆగలేనితనం. తమకించడమంటే తొందరపడడం. విరహంతో ఊపిరి వేడెక్కిన నాయిక, ఊపిరందక అల్లాడే రోగి ఒకే ధాతువు నీడన కనిపిస్తుంటే నాకు ఆశ్చర్యం తీరదు. తెలుగు తమకం నేరుగా అందులోంచే పుట్టిందని గట్టిగా అనను గానీ, చుట్టరికం ఉందనే నా నమ్మకం.

గ్రీకు ఆస్తమా కూడా మొదట రొప్పే. గ్రీకు కావ్యం ఇలియడ్‌లో రాతిదెబ్బ తిన్న ట్రాయ్ వీరుడు హెక్టర్ ఎగరొప్పుకు కవి హోమర్ వాడింది ఈ మాటే. ఆయాసం సంస్కృతంలో శ్రమ. మెట్లెక్కినా వస్తుంది కనుక జబ్బు పేరుగా చాలదు.

ఈ పేర్లలో చాలావరకు పైకి కనిపించే ఊపిరి తీరును బట్టి వచ్చినవే. జీవక్రియ పరీక్షలు లోపలికి చూస్తాయి. వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ వంద కోట్ల పాళ్లకు 50 దాటితే, పెద్దవాళ్లలో అది ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లరక్త కణాల వల్ల వచ్చిన వాపుకు సూచన అని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో చెప్పింది. ఆస్పిరిన్ పడని ఉబ్బస రోగుల మూత్రంలో వాపుకు సంబంధించిన ల్యూకోట్రయీన్ ఇ4 అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఇలాంటి చిన్న అణువులను వందలకొద్దీ ఒకేసారి కొలిచి, ఒకే పేరు కింద ఉన్న జబ్బులో ఎన్ని రకాలున్నాయో విడదీయడమే ప్రొఫైలింగ్. అది ఇంకా చాలావరకు పరిశోధన దశలోనే ఉంది. ఆస్పత్రికి వెళితే ఊపిరి వేగం కొలిచే స్పైరోమీటర్ ఊదాల్సిందే. అందుకే శీర్షికలో 'నిర్ధారణ' అని అంత ధీమాగా రాయడం నాకు నచ్చలేదు.

ప్రొఫైలింగ్‌ను తెలుగు చేస్తూ 'ముఖచిత్రం' అనవద్దు. సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం నుంచి నేటి పోలీసు కేసుల దాకా ఆనవాలు అనే మంచి మాట మనకుంది. 'జీవక్రియ ఆనవాళ్లతో ఉబ్బసం రకాల గుర్తింపు' అంటే ఎవరికైనా తెలుస్తుంది. డాక్టర్లు తమలో తాము ప్రొఫైలింగ్ అనుకుంటే తప్పు పట్టను. ఉబ్బసం, ఆస్తమా రెండూ చెల్లుతాయి, ఒక వ్యాసంలో ఒకటే వాడితే మేలు. తమకశ్వాసను ఆయుర్వేదం ప్రస్తావన వచ్చినప్పుడే వాడాలి.