ఇంజిన్ ముందు వల కట్టరేం?

ప్రశ్న: మా అబ్బాయి దుండిగల్‌లో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాడు. తర్వాత బీదర్‌లో హాక్ జెట్ ఎక్కుతాడట. పక్షి తగిలి శిక్షణ విమానం కూలిందన్న వార్త చదివినప్పుడల్లా గుండె గుభేలుమంటోంది. ఇంజిన్ ముందు ఒక ఇనప వల కట్టలేరా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన కొత్తల్లో నేనూ మా సార్జెంట్‌ని ఇదే అడిగానమ్మా. ‘వలే తెగితే?’ అన్నాడాయన. గంటకు 600 కిలోమీటర్ల వేగంలో కిలో బరువున్న గద్ద తగలడమంటే, 50 కిలోల సిమెంటు బస్తా తొమ్మిదో అంతస్తు నుంచి మీద పడ్డట్టు. దాన్ని ఆపేంత గట్టి వల కడితే ఇంజిన్‌కి గాలి చాలదు, మబ్బుల్లో మంచు పేరుకుని మూసుకుపోతుంది. పల్చటిది కడితే గద్దతోపాటు ఇనప ముక్కలూ లోపలికి పోతాయి.

నేను కిరణ్ అనే శిక్షణ జెట్ల ఇంజిన్లు చూసేవాణ్ణి. పక్షి తగిలిన విమానం దగ్గరికెళ్తే ముందు కాలిన ఈకల కంపు కొట్టేది. టార్చి వేసి, గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ బ్లేడ్ల అంచులు ఒక్కొక్కటే తడిమి చూడాలి. గోటికి తగిలేంత నొక్కున్నా కొలిచి, తేల్చుకున్నాకే విమానాన్ని వదిలేవాళ్లం.

హాక్‌కి ఉన్నది ఒక్కటే ఇంజిన్. పైగా శిక్షణలో దిగీ దిగకుండానే మళ్లీ లేవడం పదేపదే చేయిస్తారు. అంటే పక్షులు తిరిగే ఎత్తులోనే ఎక్కువసేపు ఉంటారన్నమాట. 2024 మార్చిలో మన కొరిశపాడు హైవే మీది అత్యవసర రన్‌వేకి హాక్‌లు వచ్చి, చక్రాలు ఆనించకుండా లేచిపోలా? అలాంటిదే.

2020 మేలో కెనడాలోని కామ్‌లూప్స్‌లో ట్యూటర్ జెట్ లేచీ లేవగానే ఇంజిన్‌లో పక్షి పడింది. పైకి లేపి వెనక్కి తిప్పబోతే స్టాల్ అయింది, అంటే రెక్కలకు విమానాన్ని మోసే బలం పోయింది. ఇద్దరూ ఇజెక్ట్ అయ్యారు (సీటుతో సహా బయటికి ఎగిరారు) గానీ, ఎత్తు చాలక ఒకామె చనిపోయింది. అందుకే తక్కువ ఎత్తులో ఇంజిన్ పోతే విమానం మీద ఆశ వదిలేసి సీటు హ్యాండిల్ లాగమని నూరిపోస్తారు. హాక్ సీటైతే, విమానం రన్‌వే మీద ఆగి ఉన్నా మనిషిని పైకి విసిరి పారాచూట్ తెరవగలదు. ఆ విషయంలో ధైర్యంగా ఉండండి.

నాకు ఒళ్లు మండేది వేరే దగ్గర. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా పశువుల్ని కోయడం, చెత్త వేయడం చట్టం ఒప్పుకోదు. అయినా గన్నవరం వైపు వెళ్తే రోడ్డు పక్కన కోడి పేగుల సంచులు, వాటి పైన గద్దలు! ఈసారి కనిపిస్తే ఫొటో తీసి పంచాయతీకి ఫిర్యాదు ఇవ్వండి. నేను ఇస్తూనే ఉన్నాను.